ఆయన రానన్నారని చెప్పింది నేనే

మా ఊరు మార్టూరుకి దగ్గర. మిరప వేస్తాం. ఆ రోజు కల్లంలో మా ఆయన మిరప బస్తాల మూతులు కుడుతున్నారు. దబ్బనం పడితే ఊళ్ళో ఆయన తర్వాతే ఎవరైనా. అలాంటి మనిషి కుట్టుకుట్టుకీ నెమ్మదించి, చివరికి గోనెలో దబ్బనం గుచ్చి ఆగిపోయారు.

"ఏంటండీ, దబ్బనానికి నిద్రొస్తోందా?" అన్నాను. నా నోరు ఊరుకోదు. ఆయన నవ్వలేదు, వణుకుతున్న కుడిచేతినే చూసుకుంటూ కూర్చున్నారు. నేను ఎండదెబ్బ అనుకున్నాను.

ఊళ్ళో ఆర్‌ఎంపీ నరాల బలహీనత అని చెప్పి నెలన్నర ఇంజెక్షన్లు చేశాడు. తగ్గకపోతే గుంటూరు వెళ్ళాం. న్యూరాలజిస్ట్ వేళ్ళు ఆడించమన్నారు, అటూ ఇటూ నడవమన్నారు. నడిచేటప్పుడు కుడిచెయ్యి ఊగడం లేదని ఆవిడ చూపిస్తేగానీ, ఇన్నేళ్ళు పక్కనే నడిచిన నాకు తెలియలేదు. ఎంఆర్ఐ నార్మల్ అని వచ్చింది. "పార్కిన్‌సన్స్ అమ్మా. పూర్తిగా పోదు, మందులతో అదుపులో పెట్టుకోవచ్చు" అన్నారు. లెవోడోపా మాత్రలు మొదలుపెట్టాక ఆయన చొక్కా గుండీలు మళ్ళీ తనే పెట్టుకున్నారు.

కొన్నాళ్ళకి డాక్టరుగారు ఒక స్టడీ గురించి చెప్పారు. వెన్ను దగ్గర సూదితో కొంచెం నీరు తీస్తారట. దాన్ని సీఎస్ఎఫ్ అంటారు. అందులో ఉండే బయోమార్కర్స్, అంటే జబ్బు తాలూకు గుర్తులు, చూస్తే జబ్బు ఎవరికి త్వరగా ముదురుతుందో, ఎవరికి నిదానంగా ముదురుతుందో ముందే తెలుస్తుందేమోనని పరిశీలిస్తున్నారట. ఇప్పుడొకసారి, ఏడాదిన్నర తర్వాత ఇంకోసారి తీయాలి. "దీనివల్ల మీ జబ్బు తగ్గదండీ. ఇష్టమైతేనే" అని రెండుసార్లు చెప్పారు.

"తీసుకోండమ్మా. నా తర్వాత వచ్చేవాళ్ళకి పనికొస్తుందిగా" అని మా ఆయన సంతకం పెట్టారు. చీమల్లాంటి అక్షరాలు.

అలా నీరు తీయడాన్ని లంబార్ పంక్చర్ అంటారట, అది అయ్యాక మూడు రోజులు లేచి కూర్చుంటే తలనొప్పి. అలా రావచ్చని, పడుకుంటే తగ్గుతుందని ముందే చెప్పారు, తగ్గింది కూడా. కానీ చూడ్డానికొచ్చిన మా తోడికోడలు గుండెలు బాదుకుంది. "వెన్నులో సూది పొడిపించావటే! నీ నడుం చూసుకున్నాక కూడా బుద్ధి రాలేదా?"

నాకు రెండు కాన్పులూ ఆపరేషన్లే. నడుం నొప్పి వచ్చినప్పుడల్లా ఆ రోజు వెన్నులో ఇచ్చిన మత్తు సూదినే తిట్టుకుంటాను. మా ఊళ్ళో ఏ ఆడదాన్నడిగినా అదే చెబుతుంది. ఏడాది తిరిగేసరికి ఆయన కాళ్ళు గడప దగ్గర అతుక్కుపోవడం మొదలైంది. మాట గొణుగుడైంది. జబ్బు ముదురుతోందని నాకు తోచలేదు. సూదే చేసిందనుకున్నాను.

రెండోసారి రమ్మని ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. ఆయన ఫోన్ కోసం చెయ్యి చాపారు. పెదాలు కదిలాయి, మాట ఇంకా రాలేదు. ఈలోపే నేను, "ఆయన రానంటున్నారండీ" అని పెట్టేశాను.

"నేను రానని ఎప్పుడన్నానే?" అన్నారు కాసేపటికి, నెమ్మదిగా.

వినబడనట్టు వంటింట్లోకి వెళ్ళాను. వినబడింది.

ఆ డాక్టరు ముఖం చూడలేక చూపించుకోవడమే మాన్పించాను. పాత చీటీతో అవే మాత్రలు మందుల షాపులో తెచ్చి వేశాను. ఎనిమిది నెలల తర్వాత ఆ గడప దగ్గరే పడి ఆయన తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్‌కి మత్తు వెన్నులోనే ఇస్తామన్నారు. నోరెత్తకుండా సంతకం పెట్టాను.

మళ్ళీ న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్ళి ఏడ్చాను. "నీరు తీయడం వల్ల కాదమ్మా, జబ్బు దాని దారిన అది ముదిరింది. మధ్యలో వచ్చి ఉంటే మందుల టైములు మార్చేవాళ్ళం, నడకకి ఫిజియోథెరపీ ఇచ్చేవాళ్ళం. అప్పుడు పడేవారు కాదని మాత్రం నేను చెప్పలేను" అన్నారు.

మా ఆయన ఏదో అడగబోయారు. ఆవిడ పెన్ను కింద పెట్టి ఆగారు. "నా... రెండో శాంపిల్?" అన్నారాయన.

"ఆ స్టడీ అయిపోయిందండీ. ఎంత మారిందో తెలియడానికి రెండూ కావాలి. మీది ఒకటే ఉంది."

ఆయన తలూపారు. ఇంటికొచ్చేదాకా నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. తను ఇస్తానన్న ఒక్కదాన్నీ నేను ఇవ్వనివ్వలేదు.

ఇప్పుడు మాత్రలు రోజుకి ఐదుసార్లు, గంట చూసుకుని వేస్తాను. వాకర్‌తో నడుస్తారు. ఫిజియోథెరపిస్ట్ చెప్పినట్టు గడప ముందు అడుగుకొకటి చొప్పున ముగ్గుతో అడ్డగీతలు గీస్తాను. గీత కనిపిస్తే దాటడానికి కాలు లేస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, అయినా పట్టుకుంటున్నాను.

ఇలాంటి మనిషి ఇంట్లో ఉన్నవాళ్ళకి ఒక్కటే చెబుతాను. ఆయన్ని అడిగినదానికి ఆయన్నే జవాబు చెప్పనివ్వండి. ఆలస్యమవుతుంది. ఆగండి.

మొన్న ఫిజియోథెరపిస్ట్ ఫోన్ చేసి, "రేపు వస్తారా అండీ?" అని అడిగాడు. స్పీకర్ పెట్టి ఆయన ముందుంచాను. పెదాలు కదిలాయి. పొయ్యి మీద పాలు పొంగుతున్న చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. కదల్లేదు.

"వస్తానండీ" అన్నారు మా ఆయన.