మేనేజరుగారి మీదికి లేచిన బంతి

కాలేజీలో మోచెయ్యి వంచి విసురుతున్నానని అంపైర్లు నా బంతులన్నీ నోబాల్ అనేవారు. చివరికి కెప్టెన్ నన్ను బౌండరీ దగ్గర నిలబెట్టాడు. ఒళ్లు మండి క్రికెట్‌కి నీళ్లొదిలేశాను.

సౌదీలో, అల్ ఖోబర్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాక ఆ వంకర చెయ్యే పనికొచ్చింది. మా కాంపౌండ్‌లో అమెరికన్ ఇంజినీర్లు శుక్రవారం పొద్దున బేస్‌బాల్ ఆడేవారు. ఓసారి కంచె దాటొచ్చిన బంతిని వెనక్కి విసిరితే సూటిగా క్యాచర్ గ్లవ్‌లో పడింది. ఆ ఆటలో విసరడమే విద్య కదా! బంతులు విసిరే అసలు పిచర్ అలిసిపోయాక చివర్లో వచ్చి విసరమన్నారు. ఐదు శుక్రవారాలు నేను నేల మీద నడిస్తే ఒట్టు.

ఆరో శుక్రవారం బ్యాట్ పట్టుకుని ఎదురుగా నిలబడింది మా ఆఫీసు మేనేజరు. ఆ వారంతో నా ప్రొబేషన్ అయిపోతుంది. ఆయన సంతకం పెడితే ఉద్యోగం, లేకపోతే ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపడమే. పైగా డ్రాయింగుల్లో నేను అంతంతమాత్రం.

ఆఫీసులో నా పక్క సీటు కరీంనగర్ అన్న కంచె పట్టుకుని అరుస్తున్నాడు. "తమ్మీ, మెల్లగ ఎయ్! ఆయనకు తాకిందంటే రేపే ఎగ్జిట్ కొడతరు నీకు!"

మెల్లగానే వేద్దామనుకున్నాను. కానీ భయంలో పాత బుద్ధి పైకొచ్చి, క్రికెట్‌లోలా బంతిని నేలకేసి కొట్టాను. అది లేచి ఆయన గడ్డం పక్కనుంచి దూసుకుపోయింది. ఆయన వెల్లకిలా దుమ్ములో పడ్డాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

ఆయన లేచి, ప్యాంటు దులుపుకుని, మళ్లీ వెయ్యమని సైగ చేశాడు. తర్వాతి మూడు బంతులూ ఎలా వేశానో దేవుడికే తెలియాలి. మూడూ కొట్టబోయి తప్పాడు. మూడుసార్లు తప్పితే ఆ ఆటలో ఔటే.

శనివారం పొద్దున్నే క్యాబిన్‌లోకి పిలుపొచ్చింది. ఆయన కాగితం మీద సంతకం పెడుతూ, "నీ డ్రాయింగులు చూసి పంపించేద్దామనుకున్నాను. నిన్న మనసు మార్చుకున్నాను. ఇకనుంచి మా జట్టులో చివర్లో విసిరేది నువ్వే" అన్నాడు.

బతికాను అనుకుంటూ సీటుకొచ్చి కూచున్నాను. అన్న చాయ్ తెప్పించాడు. గ్లాసు ఎత్తబోతే కుడి భుజం కలుక్కుమంది. ఎడమ చేత్తో తాగాను. ఏమైందని అన్న అడిగితే, ఏం లేదన్నాను. నాలుగేళ్లు ఆ భుజంతోనే విసురుతూ అదే అన్నాను.