సారు పుట్టర్, నాయన పార

ముప్పై ఏండ్ల కిందటి మాట. వానల్లేక శెనక్కాయ చేను ఎండిపోతే, నిడుగల్లు నుంచి బెంగళూరు పోయి గోల్ఫ్ మైదానంలో సార్ల ఆట కర్రల సంచి మోసేవాణ్ణి.

ఒక సారుకు, బంతిని గుంతలోకి నెట్టే పుట్టర్ కర్ర మరీ పొట్టి. వంగి వంగి కొట్టి, ప్రతిసారీ తప్పేవాడు. నాయన పార గురించి చెప్పే మాటే ఆయనకు చెప్పినాను.

"కామ, అదే పట్టుకునే కర్ర, మనిషి ఎత్తుకు తగినట్టుండల్ల సార్. లేకుంటే నడుము పోతాది, పనీ పోతాది."

సారు పొడుగుది తెచ్చుకున్నాడు. బంతి గుంతలో పడింది. ఊరికి పోయి నాయనకు చెప్పల్లనుకుంటుండగానే, నాయన చనిపోయినాడని కబురొచ్చింది.

ఊరికి పోయి చూస్తే, ఇంట్లో తలుపు మూలన కొత్త కామ వేసిన పార ఉండాది. నాయనకంటే నేను జానెడు పొడుగు. కామ నా ఎత్తుకు తగినట్టుండాది.

"వానొస్తే నువ్వొస్తావని వేసినాడప్పా" అనింది అమ్మ.

ఆ ఏడూ వాన రాలేదు. నేను మళ్లీ సంచి మోయడానికే పోయినాను.