ఊరికే కూర్చున్న అరగంట

యాభై ఎనిమిదో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. అమెరికాలో మా అమ్మాయి వాళ్ళుండే ఆష్‌బర్న్‌లో ఆదివారం తెలుగు బడికి మనవరాలిని తీసుకువెళ్ళి, వెనక బల్ల మీద కూర్చుని పిల్లలతో పాటే దిద్దాను. చదవడం వచ్చాక ఒక సంగతి తెలిసింది. అంతకుముందు సద్దు చెవులకే ఉండేది, ఇప్పుడు కళ్ళకీ వచ్చింది. పచ్చడి సీసా, క్యాలెండరు, ఫోను, కనిపించిందల్లా ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది.

అందుకే మధ్యాహ్నం చిన్న మనవడు నిద్రపోయాక హాల్లో కుర్చీలో అరగంట కూర్చునేదాన్ని. జపం లేదు, మాల లేదు. ఎదురుగా తెల్లగోడ. కాసేపటికి లోపలంతా బురదనీళ్ళు తేరినట్టు తేరేది. దేవుడంటే ఇదేనేమో అనిపించేది. నా బతుకులో నాకంటూ దొరికింది ఆ అరగంటే.

పిల్లవాడి కోసమని మా అమ్మాయి హాల్లో కెమెరా పెట్టించింది. ఆఫీసులో ఉండి ఫోనులో చూస్తుంది. ఒకరోజు ఆ కెమెరాలోంచి తన గొంతు వినిపించింది.

"అమ్మా, ఏంటలా కదలకుండా ఉన్నావ్? ఆర్ యూ ఓకే?"

"ఊరికే కూర్చున్నానే."

"ఊరికే అంటే?"

తను మీటింగ్ వదిలేసి ఇంటికి వచ్చేసింది. అత్తయ్యగారి తపస్సు పాడు చేశావని సాయంత్రం అల్లుడు నవ్వాడు. తను నవ్వలేదు. వారం తిరక్కుండా డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళింది. ఆయన నన్ను అడిగినవాటికి తనే ఇంగ్లీషులో జవాబులు చెప్పింది. డిప్రెషన్ మొదలై ఉండొచ్చట, నన్ను ఖాళీగా ఉంచకూడదట. కారులో నాకు చెప్పిందింతే.

పుట్టి బుద్ధెరిగాక ఒక్కరోజూ ఖాళీగా లేను. అప్పుడు ఎవరూ నన్ను డాక్టరుకు చూపించలేదు.

ఇప్పుడు ఆ వేళకి టీవీలో సీరియల్ మొదలవుతుంది. మా అమ్మాయి ఆఫీసు నుంచే ఫోనుతో పెడుతుంది. నేను కెమెరా వైపు అప్పుడప్పుడు చెయ్యి ఊపుతాను.

మొన్న శనివారం తను బయల్దేరుతుంటే ఎక్కడికని అడిగాను. ధ్యానం క్లాసట. ఆఫీసులో స్ట్రెస్ ఎక్కువైందట.

"ఏం నేర్పుతారక్కడ?"

"ఏమీ చేయకుండా ఇరవై నిమిషాలు కూర్చోవాలమ్మా. చాలా కష్టం. నువ్వూ రా, నీకు హెల్ప్ అవుతుంది."

తన మొహంలో వేళాకోళం ఏమీ లేదు. పొయ్యి మీద పప్పుందని చెప్పి వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి మీద ఏమీ లేదు. తను కారెక్కేదాకా గిన్నెలతో చప్పుడు చేస్తూ నిలబడ్డాను.