పేరు రాయని తేనె కేకు

సొనున్ అక్క వంటింటి కిటికీ తెరిచి ఉందంటే ఊళ్లో ఎవరింట్లోనో శుభకార్యం ఉన్నట్టే. తేనె మరిగే వాసన వీధి చివర ఆపిల్ తోటల దాకా పోయేది. ఆమెకు యాభై దాటాయి. భర్త పోయాక ఇంట్లోనే కేకులు చేసి అమ్ముకుంటూ బతికింది. మంగళ, శుక్రవారాల్లో ఆడపిల్లలకు ఆ పని నేర్పేది. పక్కింటిదాన్ని కాబట్టి నేనూ ఒక గిన్నె పట్టుకుని వెళ్లి వాళ్ల మధ్య కూర్చునేదాన్ని.

ఆమె పాఠమంతా తిట్లతోనే సాగేది.

"ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్డు తీసినట్టే కొడతావేంటే? అది చలికి బిగుసుకునుంటే నురగెక్కడ్నుంచి వస్తుంది? పొద్దున్నే తీసి బయట పెట్టుకో."

"మఫిన్ పిండినలా గిలక్కొట్టకమ్మా! నాలుగు ఉండలున్నా పర్లేదు. ఎక్కువ కలిపితే రబ్బరు బంతులొస్తాయి, పిల్లలు ఆడుకుంటారు."

"ఓవెన్ తలుపు ముయ్యి. అత్తగారు తొంగిచూసినట్టు మాటిమాటికీ చూస్తుంటే ఏ కేకూ పొంగదు."

పిల్లలు పకపకా నవ్వేవారు. అందరికంటే గట్టిగా నవ్వేది పెరిజాత్. పొడుగాటి జడ, చురుకైన కళ్లు, పక్క ఊరి నుంచి బస్సులో వచ్చే పిల్ల. పొరల పేస్ట్రీ ఒత్తడంలో ఆమెది మంచి చెయ్యి. వెన్న కరిగేలోపే మడతలు వేసేసేది. రాజధాని బిష్కెక్ వెళ్లి బేకరీలో చేరాలని ఆమె ఆశ.

ఆ ఏడు కొండల మీద మొదటి మంచు కనబడిన వారంలో, మంగళవారం పాఠం నడుస్తుండగా ఉల్బుబు వచ్చింది. గొర్రెల మందలు, తేనెపెట్టెలు ఉన్న ఇంటి ఇల్లాలు. సొంత తేనె ఒక డబ్బా నిండా తెచ్చింది.

"మా ఎర్మెక్ పెళ్లి చెల్లీ. మూడంతస్తుల తేనె కేకు కావాలి."

"సంతోషం అక్కా. పెళ్లికూతురి పేరేంటి? పైన క్రీముతో రాయాలిగా."

"అబ్బాయి పేరు రాయి చాలు. పక్కన చోటు ఖాళీగా ఉంచు. తర్వాత చెప్తాం."

పొయ్యి మీద తేనెలో సోడా వేసి కలుపుతున్న సొనున్ అక్క చెయ్యి ఆగిపోయింది. నురగ పొంగి, బంగారు రంగు దాటి నల్లబడేదాకా ఆమె గరిటె కదపలేదు. అంత పనిమంతురాలు తేనె మాడ్చడం నేనెప్పుడూ చూడలేదు.

ఉల్బుబు బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతూ పిల్లల్ని ఒక్కొక్కరినే చూసింది. సంతలో గొర్రెల్ని చూసే చూపు అది.

"ఆ జడపిల్ల ఎవరమ్మాయి? భలే చురుగ్గా ఉందే. బస్సులో వస్తుందా? ఒక్కతేనా?"

సొనున్ అక్క మాడిన గిన్నె పక్కన పెట్టి నెమ్మదిగా అంది. "తేనె కేకు చేసినరోజే తింటే అట్టముక్కే అక్కా. క్రీము పీల్చుకుని మెత్తబడటానికి రాత్రంతా ఆగాలి. ఏ పూటకి కావాలో కచ్చితంగా చెప్పు."

"శుక్రవారం సాయంత్రానికి మా ఇంట్లో ఉండాలి."

శుక్రవారం పిల్లలు పాఠానికి వచ్చే రోజు.

ఉల్బుబు గేటు దాటగానే నేను ఉండబట్టలేకపోయాను. "ఎందుకొప్పుకున్నావక్కా? ఆవిడ ఆలోచనేంటో తెలీడం లేదా?"

"తెలిసే ఒప్పుకున్నా. నేను కాదంటే ఇంకొకరి దగ్గర చేయిస్తుంది. అప్పుడు ఏ రోజున ఎత్తుకుపోతారో మనకెలా తెలుస్తుంది?"

పిల్లనెత్తుకొచ్చి పెళ్లి చేసుకోవడం నేరమని చట్టం చెబుతుంది. అది ఆచారమని ముసలివాళ్లు చెబుతారు. ఈ రెంటి మధ్యే మా ఆడపిల్లలు బస్సులెక్కుతారు, దిగుతారు. సొనున్ అక్కను కూడా పందొమ్మిదో ఏట కారులో వేసుకునే తెచ్చారు. "ఆయన చెడ్డవాడు కాడు" అనేది మొగుడి గురించి. "ఆ మాట వేరు" అని కూడా అనేది.

సొనున్ అక్క పెరిజాత్‌ను పక్కకు పిలిచి అడిగితే ఆ పిల్ల మొహం పాలిపోయింది. "ఎర్మెక్ రెండుసార్లు అడిగాడు పిన్నీ. నాకిష్టం లేదని మొహానే చెప్పేశాను."

"అయితే శుక్రవారం రావద్దు. ఇల్లు కదలకు."

ఆ సాయంత్రమే సొనున్ అక్క ఠాణాకు వెళ్లింది. అక్కడి అధికారి నవ్వాడట. "కేకు చేయించుకుంటే నేరమా అమ్మా? ఏదైనా జరిగాక రండి." అక్కడి నుంచి పెరిజాత్ తల్లి దగ్గరికి పోయింది. ఆ తల్లి చేతులు నలుపుకుంటూ, "ఉన్నవాళ్లే కదమ్మా. రాసిపెట్టి ఉంటే ఎవరాపుతారు" అంది. తిరిగొచ్చిన సొనున్ అక్క పెద్ద జల్లెడ తీసి పిండి జల్లించడం మొదలుపెట్టింది.

గురువారం పొద్దున ఆమె కేకు పొరలకి అట్లు కాలుస్తుంటే నేను సాయం కూర్చున్నాను. తేనె పిండి వేడిమీదే ఒత్తాలి, చల్లారితే విరిగిపోతుంది. పల్చగా ఒత్తి కాల్చిన అట్లు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ మధ్యలో మీగడ క్రీము రాస్తోంది. మధ్యాహ్నం ఫోను మోగింది.

"కేకు ఇప్పుడే పంపు చెల్లీ."

"ఇప్పుడేంటక్కా? ఇంకా నానలేదు. కత్తి కూడా దిగదు."

"గట్టిగా ఉన్నా ఫర్లేదు. పంపు."

సొనున్ అక్క ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది. "తెచ్చేశారు. ఈరోజే తెచ్చేశారు. కారు తియ్యి."

పెరిజాత్ అవ్వకు మందులు కొనడానికి బస్టాపు దాకా వచ్చిందని, అక్కడే పట్టుకున్నారని తర్వాత తెలిసింది.

ఉల్బుబు వాకిట్లో పెద్ద కడాయి కింద మంట మండుతోంది. అప్పుడే కోసిన గొర్రె తోలు కంచె మీద ఆరేసి ఉంది. "కేకు వచ్చింది, కేకు వచ్చింది" అంటూ ఆడవాళ్లే మాకు దారిచ్చారు. లోపలి గదిలో తెర వెనక పెరిజాత్ మూలకు ఒదిగి ఉంది. జడ ఊడిపోయింది. ముగ్గురు ఆడవాళ్లు ఆమె తల మీద, పెళ్లికి ఒప్పుకున్న గుర్తుగా వేసే తెల్లరుమాలు కప్పాలని చూస్తున్నారు, ఆమె లాగి పారేస్తోంది.

"ఏడవకే, మేమందరం ఇలాగే వచ్చాం" అంటోంది ఒకావిడ బుజ్జగిస్తూ. ఆ గొంతులో నిజంగానే ప్రేమ ఉంది. నాకు భయమేసింది అప్పుడే.

సొనున్ అక్క కేకు బల్ల మీద పెట్టింది. తిరిగి పెరిజాత్ చెయ్యి పట్టుకుంది. "పద, అమ్మాయ్."

ఉల్బుబు కేక పెట్టింది. ఆ కేకకి ఇంటి ముసలమ్మ వచ్చి గడపకు అడ్డంగా పడుకుంది. "నన్ను దాటావంటే నీ కడుపు పండదు. నీ వంశం ఎండిపోతుంది."

పెరిజాత్ కాళ్లు నిలబడిపోయాయి. పెద్దావిడను దాటడమంటే మాటలు కాదు. సొనున్ అక్క ఒకప్పుడు ఆగింది ఈ మాటకే.

"నేల చల్లగా ఉంది అవ్వా, లేవండి" అంది ఆమె. ముసలమ్మ కదల్లేదు. "సరే. శాపం తగిలితే ముందు నాకు తగలనీ" అని స్కర్టు ఎత్తి పట్టుకుని దాటింది. వెనక్కి తిరిగి చెయ్యి చాపింది. పెరిజాత్ కళ్లు మూసుకుని దాటింది.

వాకిట్లో ఎర్మెక్ మేనమామ కారుకు అడ్డం నిలబడ్డాడు. "ఠాణాలో మీ ఇంటి పేరు రాసుకున్నారు తమ్ముడూ. జైలుకెళ్తావా?" అంది సొనున్ అక్క. ఎవరూ ఏమీ రాసుకోలేదు. అతను పక్కకు జరిగాడు. ఎర్మెక్ మాత్రం కడాయి దగ్గర తల వంచుకుని నిలబడే ఉన్నాడు.

పెరిజాత్‌ను నేరుగా బిష్కెక్ బండి ఎక్కించాం. అక్కడ ఒక బేకరీలో కుదురుకుంది. తల్లి ఇంకా ఆమెతో పలకదు.

సొనున్ అక్కకు పెళ్లి కేకులు అడిగేవాళ్లు తగ్గిపోయారు. ఆ చలికాలం ఆమె మంచుమీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంటే, శాపం తగిలిందని ఊరంతా అంది. కట్టుతోనే మఫిన్లు చేసి బడి గేటు దగ్గర అమ్మింది.

వసంతంలో ఒకరోజు సంతలో ఉల్బుబు ఎదురైంది. వెనకాల రుమాలు కట్టుకున్న కొత్త కోడలు, చాలా చిన్నపిల్ల, ఉల్లిపాయల సంచి మోస్తోంది. సొనున్ అక్క ఆగింది.

"ఏమ్మా, కేకులు చేయడం వచ్చా?"

ఆ పిల్ల ముందు అత్త మొహం చూసింది. తర్వాత రాదన్నట్టు తలూపింది.

"నేర్పుతాను. మంగళవారం రా."

ఉల్బుబు కోడలి మోచెయ్యి పట్టుకుని జనంలోకి లాక్కుపోయింది. ఆ మంగళవారం సొనున్ అక్క ఒక గిన్నె అదనంగా బల్ల మీద పెట్టింది. పిల్ల రాలేదు. ఇంతవరకూ రాలేదు.