రుద్దితే పోని తెలుపు

ఆళ్లగడ్డలో శిల్పి పుల్లయ్య కొట్టంలో విగ్రహాలకు నునుపు పెట్టేది ఉమామహేశ్వరమ్మే. ఉలి దెబ్బ పడ్డచోటల్లా నల్లరాయి తెల్లబడుతుంది. నీళ్ళు పోస్తూ మొదట గరుకురాయితో, తర్వాత సన్నరాయితో రుద్ది, చివరన నూనె పట్టిస్తే ఆ తెలుపంతా పోయి విగ్రహం నిగనిగలాడుతుంది. భర్త పోయినప్పటి నుంచి ఆమెకు కూడు పెడుతున్నది ఆ పనే.

అందుకే కుడిచేతి వేళ్ల మీద తెల్లమచ్చ కనబడినప్పుడు ఆమె పెద్దగా భయపడలేదు.

“ఏమ్మే, ఇంత రాయినే నల్లగ చేస్తాండావ్, అంత మచ్చ నీకొక లెక్కా? సన్నరాయితో బాగ రుద్దు, పోతాది,” అన్నాడు పుల్లయ్య.

పరాచికానికి అన్నాడో నిజంగానే అన్నాడో గానీ, ఆమె మాత్రం నమ్మింది. రోజూ పని ముగిశాక చేతులు కడుక్కుంటూ రుద్దేది. చర్మం కందేది, మానేది. మానినచోట ఇంకా తెల్లగా వచ్చేది. చాలినంత గట్టిగా రుద్దలేదేమో అనుకుంది. మచ్చ మణికట్టు దాటి మోచేతికి ఎక్కింది.

నంద్యాలలో చర్మవైద్యురాలు సుప్రజ ఆ చేతి మీది గీరుకుపోయిన గుర్తులు చూసి తల పట్టుకుంది.

“మన రక్తంలో కాపలా కణాలుంటాయమ్మా. క్రిములొస్తే చంపడం వాటి పని. మీ ఒంట్లో అవి పొరబడి, చర్మానికి రంగు తయారుచేసే కణాలనే శత్రువులనుకుని చంపుతున్నాయి. చర్మం గీరుకుపోతే అక్కడేదో అపాయమొచ్చిందని ఇంకా ఎక్కువగా వచ్చిపడతాయి. రుద్దిన ప్రతిసారీ వాటిని మీరే పిలిచారు.”

“ఎవురికన్నా అంటుకుంటాదా?”

“అంటుకోదు. మందు రాయండి. రుద్దడం మాత్రం ఆపండి.”

తిరుగు బస్సులో ఆమె కుతకుతలాడిపోయింది. నెత్తురులోని కణాలు పొరబడ్డాయి, సరే, వాటికి కళ్ళు లేవు. పుల్లయ్యకు ఉన్నాయి గదా! రుద్దమన్నవాడే ఇప్పుడు గిరాకీ రాగానే “ఎనక్కి పో, చెయ్యి కనపడనీకు” అంటున్నాడు.

మర్నాడు దొర్నిపాడు నుంచి వెంకటేశ్వర్లు అనే రైతు వచ్చాడు. వాళ్ళ ఊరి కొత్త గుడికి అమ్మవారి విగ్రహం తయారైంది. ఆయన దాని చెంప నిమిరి మురిసిపోయాడు.

“అద్దం మాదిరి ఉండాదప్పా! ఎవురు రుద్దింది?”

పుల్లయ్య నోరు తెరిచేలోపే ఉమామహేశ్వరమ్మ తడిచేతులతో ముందుకొచ్చింది. “నేనే.”

వెంకటేశ్వర్లు ఆమె చేతి మీది తెలుపు చూసి, విగ్రహం మీది తన చెయ్యి చటుక్కున తీసి పంచెకు రుద్దుకోసాగాడు.

“రుద్దుకోకప్పా. అట్ల రుద్దుకునే నేనింత చేసుకుంటి. నీకేం అంటుకోదు, డాక్టరమ్మ చెప్పింది.”

“అది కాదు తల్లీ... దేవత గదా. మైలపడిందంటారు ఊళ్ళో.”

“రేపట్నుంచి ఆమె రాదులే అన్నా,” అన్నాడు పుల్లయ్య గబగబా.

ఆమె ఒళ్ళు మండిపోయింది.

“రాకుండ యాడికి పోవల్ల? మచ్చను రుద్దమని చెప్పింది నువ్వు. పెరిగినాక దాచమంటివి. ఇప్పుడు పొమ్మంటాండావ్. సరే, నా చెయ్యి మైలంటే నేను రుద్దిందీ మైలే గదా! ఉలి తియ్యి అన్నా. అమ్మవారి ఒళ్ళంతా మళ్ళ గీకు. తెల్లమచ్చలతోనే తీస్కపోనీ. అప్పుడు గుళ్ళో కూచోబెడ్తారో, నా మాదిరి ఎనక్కి పొమ్మంటారో నేనూ చూస్తా!”

పుల్లయ్య ఉలి వంక చూశాడు గానీ ముట్టుకోలేదు. వెంకటేశ్వర్లు పంచెకు రుద్దుకోవడం మాని, అదే చేత్తో విగ్రహం చెంప మళ్ళీ నిమిరాడు.

“అమ్మవారిని తీస్కపోను బండి ఎప్పుడు తేవల్ల?” అని మెల్లగా అడిగాడు.

ఉమామహేశ్వరమ్మ జవాబు వినడానికి ఆగలేదు. పక్కనున్న నంది ఇంకా తెల్లగానే ఉంది. దాని ముందు కూర్చుని, చెంబెడు నీళ్ళు పోసి, గరుకురాయి అందుకుంది. కోపం చల్లారలేదు. చేతులు మాత్రం కొంగు కింద దాచుకోలేదు.