పాలపళ్ల గాట్లు

ఈ ఉదయం వార్నిష్ డబ్బా మూత తీయగానే, ఆ ఘాటు వాసనతో పాటే మునిరత్నమ్మ గుర్తుకొచ్చింది. తిరుపతిలో పాత బొమ్మలు బాగుచేసే ఆమె కొట్లో నేను కొన్నేళ్లు పనిచేశాను. రంగులు వేయడం నాకు ముందే వచ్చు. ఎక్కడ చెయ్యి ఆపాలో మాత్రం ఆమె దగ్గరే తెలుసుకున్నాను.

ఒకరోజు కార్వేటినగరం నుంచి సుజాత అనే అమ్మాయి మూడు చక్రాల చెక్కబండి తెచ్చింది. పిల్లలు పట్టుకుని నడక నేర్చుకునే బండి. చక్రాలు పగిలాయి, రంగు పెచ్చులూడుతోంది. ఆమె చంకలో రెండేళ్ల కూతురు, ఇంకా నడవడం లేదు. కాళ్లలో లోపమేమీ లేదని, ఏదైనా ఊతమిచ్చి అలవాటు చేయమని డాక్టరు చెప్పాడట. వెనకే ఆమె మామ చెంగల్రెడ్డి వచ్చాడు.

‘‘కొత్తదాని మాదిరి చేసియ్యక్కా,’’ అంది సుజాత.

‘‘ఒక్క మేకు గూడా కొట్టొద్దు,’’ అన్నాడు ఆయన. ‘‘నా కొడుకు నడక నేర్చిన బండి. వాడు ఎట్లాగూ లేకపాయె. ఇదన్నా ఉండనీ.’’

చనిపోయిన ఆ కొడుకు సుజాత భర్తే. ‘‘వాళ్ల నాయన బండితోనే నా బిడ్డ నడవాల మామా,’’ అంటూ ఆమె కళ్లు తుడుచుకుంది. నేనైతే వేరే బండి కొనుక్కోమని చెప్పి పంపేసేదాన్ని.

మునిరత్నమ్మ బండిని ఆయన ఒళ్లో పెట్టింది. ‘‘దీంట్లో నీ కొడుకు యాడుండాడో సూపించన్నా.’’

ఆయన వేళ్లు చక్రాలను దాటి, పైనున్న అడ్డకర్ర దగ్గర ఆగాయి. రంగంతా అరిగిపోయిన ఆ చెక్క మీద చిన్న చిన్న గాట్లు.

‘‘పాలపండ్లు వచ్చేటప్పుడు కొరికినాడు. రంగంటుకోని నోరంతా ఎర్రగా అయితే వాళ్లమ్మ నన్ను తిట్టింది,’’ అని నవ్వబోయి ఏడ్చేశాడు.

‘‘ఆ కర్రను నేను ముట్టను. మిగతాది నీ మనవరాలికి ఇయ్యన్నా,’’ అంది మునిరత్నమ్మ.

ఆయన తలూపి, బండిని ఆమె చేతికిచ్చాడు.

కొత్త చక్రాలు బిగించాం. పెచ్చులూడే రంగు బిడ్డ నోట్లోకి పోకుండా గీకేశాం. ఎక్కడ ఆ గాట్లు చెరిగిపోతాయోనని నాకు భయం వేస్తూనే ఉంది; అడ్డకర్ర జోలికి మాత్రం పోలేదు.

బండి తీసుకోవడానికి వచ్చిన రోజు, కొట్లోనే బిడ్డను నిలబెట్టారు. ఆ పిల్ల కర్ర పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఉన్నట్టుండి బండి కదిలింది, దాని వెనకే ఓ పాదం, ఆ వెంటనే రెండోది. చూస్తుండగానే గుమ్మం దాకా పోయింది.

‘‘మెల్లింగా తల్లీ, పడతావు!’’ అంటూ చెంగల్రెడ్డి నడుం వంచి వెనకే పరిగెత్తాడు. సుజాత గోడకానుకుని గట్టిగా ఊపిరి వదిలింది. మునిరత్నమ్మ నా భుజం పట్టుకుంది. ‘‘ఆ గాట్లు యాడ చెరిగిపోతాయోనని నాకూ బయంగానే ఉండె అమ్మణ్ణీ,’’ అంది.

ఆ మాటతో నా మనసు తేలికపడింది. ఆమెకే భయం వేసిందంటే, నాకు వేయడంలో తప్పేముంది? ఇప్పుడు నా కొట్టుకు ఎవరు పాత బొమ్మ తెచ్చినా, ముందు తిరిగి వాళ్ల చేతికే ఇస్తాను. వేళ్లు దేన్ని తడుముతాయో చూశాకే పని మొదలుపెడతాను.