తెల్ల గౌనులో రాయి

నిన్న పాత ట్రంకుపెట్టె తెరవగానే చెమ్మతో కలిసిన తుప్పు వాసన తగిలి, రూతు గుర్తొచ్చింది.

ఉక్కునగరంలో మా పక్క క్వార్టరు వాళ్ళమ్మాయి. ప్లాంటుకొచ్చే సున్నపురాయిలోంచి నాన్న ఒకసారి నాకో ముక్క తెచ్చారు. దాని నడుమ పసుపుపచ్చని మెరుపు గీత ఉంది.

"బంగారం కాదమ్మా. గంధకం, ఇనుమూ కలిసినాయి. సెమ్మ తగిల్తే తుప్పు కారతాది," అన్నారు.

రూతుకు ఈస్టరుకి కుట్టించిన తెల్ల గౌను ఉండేది. నాకు లేదు. వానలు పట్టాక ఆ రాయి తనకిచ్చి, "బంగారమే. ఎవులికీ సెప్పకు. గౌను మడతలో దాసెయ్," అన్నాను.

క్రిస్మసుకి వాళ్ళ ట్రంకుపెట్టె తెరిచేసరికి గౌనంతా తుప్పు మరకలు. వాళ్ళమ్మ రూతును వాకిట్లోకి లాక్కొచ్చి కొట్టింది.

"ఏటి పెట్టినావే ఇందులో? ఎవులిచ్చారు?"

రూతు చెప్పలేదు. దెబ్బలకు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని రాయిని దాచుకుంది.

చిన్నదాన్ని, తెలియక చేశానని అనుకోవాలని ఇన్నేళ్ళూ చూశాను. తెలిసే చేశాను. మా గుమ్మంలో నిలబడి చూస్తున్న నావైపు తిరిగి, రాయి భద్రంగానే ఉందన్నట్టు రూతు ఏడుస్తూనే తలూపింది.